కోల్ట్ 1911 మొదటి ప్రపంచయుద్ధ స్మారక పిస్టల్: కొనవచ్చా, కొన్నాక కాల్చవచ్చా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. సొంతంగా పిస్టల్ కొనడం నాకు ఇదే మొదటిసారి. డబ్బు చెల్లించే ముందు అనుభవం ఉన్నవారి మాట వినాలని కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను అమెరికాలో స్థిరపడి పదహారేళ్లయింది, నిరుడు పౌరసత్వం వచ్చింది. యంత్రభాగాల రూపకల్పన నా వృత్తి. నాలుగేళ్ల క్రితం ఒక సహోద్యోగి రేంజికి తీసుకువెళ్లి తన 1911 పిస్టల్ నా చేతికిచ్చారు. దాన్ని కాల్చినప్పటి కన్నా, తరువాత ఆయన బల్ల మీద గుడ్డ పరచి దాన్ని విప్పి చూపించినప్పుడే నా మనసు దాని మీద పడింది. తూటా పేలగానే బారెల్ (గొట్టం), దాని మీద జారే స్లైడ్ ఒకదానిలో ఒకటి లంకె పడి కొద్ది దూరం కలిసి వెనక్కి వస్తాయి. ఒత్తిడి తగ్గేసరికి బారెల్ అడుగున ఉన్న చిన్న లింకు దాని వెనుక భాగాన్ని కిందికి లాగుతుంది, అప్పుడు స్లైడ్ విడిపోయి ఒంటరిగా వెనక్కి పోతుంది. జాన్ మోజెస్ బ్రౌనింగ్ కాగితం మీద గీసిన ఆ ఏర్పాటును అమెరికా సైన్యం 1911 మార్చి 29న స్వీకరించిందనీ, 1985లో బెరెట్టా ఎమ్9 వచ్చేదాకా అదే ప్రధాన పిస్టల్‌గా ఉందనీ తెలిసినప్పుడు, రోజూ కంప్యూటర్ తెర మీద గీతలు గీసే నాకు ఆయన మీద కలిగిన గౌరవం ఇంతా అంతా కాదు.

ఇప్పుడు విషయానికి వస్తాను. పక్క రాష్ట్రంలోని ఒక డీలరు వద్ద కోల్ట్ కంపెనీ 1960ల చివరలో తీసుకువచ్చిన మొదటి ప్రపంచయుద్ధ స్మారక శ్రేణిలో మ్యూజ్-ఆర్గాన్ యుద్ధం పేరిట వచ్చిన పిస్టల్ ఉంది. చెక్కపెట్టెలో ఉంది, స్లైడ్ మీద యుద్ధ దృశ్యం చెక్కి ఉంది. యజమాని కాలం చేశాక ఆయన కుటుంబం దాన్ని అమ్మకానికి పెట్టింది. డీలరు 1,900 డాలర్లు అడుగుతున్నారు. ఎప్పుడూ కాల్చలేదని, పెట్టెలోంచి తీయలేదని ఆయన మాట. నేను ఇంకా చేతితో పట్టి చూడలేదు, ఛాయాచిత్రాలు మాత్రమే చూశాను.

నా సందేహాలు మూడు. ఆ ధర సమంజసమేనా? కొన్నాక ఏడాదికి నాలుగైదు సార్లు దానితో కాల్చితే తప్పా? పదిహేనేళ్ల తరువాత మా అమ్మాయికి ఇచ్చేనాటికి దాని విలువ పెరిగి ఉంటుందన్న ఆశతో కొనవచ్చా? ఇదే డబ్బుతో రెండో ప్రపంచయుద్ధంలో నిజంగా వాడిన సైనిక పిస్టల్ ఒకటి తీసుకోవడం మేలని నా సహోద్యోగి అంటున్నారు. ఆయన మాట కొట్టిపారేయలేకపోతున్నాను, ఈ చెక్కపెట్టెను మరచిపోనూ లేకపోతున్నాను.

సమాధానం 1

నమస్కారమండీ. ఇరవై రెండేళ్లుగా కోల్ట్ స్మారక పిస్టళ్లు సేకరిస్తున్నాను. కొన్నింటిని కొని సంతోషించాను, కొన్నింటిని కొని చింతించాను. కాబట్టి మీ మూడో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే ఆ ఆశతో కొన్నవారే ఎక్కువగా దెబ్బతిన్నారు.

విలువ పెరుగుతుందని దీన్ని కొనకండి. మీరు చెబుతున్న శ్రేణిలో నాలుగు యుద్ధాల పేర్లతో నాలుగు పిస్టళ్లు వచ్చాయి: షాటో-థియరీ, బెలో వుడ్, రెండో మార్న్ యుద్ధం, మ్యూజ్-ఆర్గాన్. ఒక్కొక్కటి మామూలు రకంలో 7,400 తయారయ్యాయి. ఇవి కాక డీలక్స్ రకం 75, అంతకన్నా పైమెట్టుది 25 మాత్రమే ఉన్నాయి. 1970లో రెండో ప్రపంచయుద్ధం పేరిట వచ్చిన యూరప్ రంగం, పసిఫిక్ రంగం పిస్టళ్లయితే ఒక్కొక్కటి 11,500. మామూలు రకం అప్పటి అమ్మకం ధర సుమారు 200 డాలర్లు. 1967 నాటి డాలరు ఇప్పటి తొమ్మిది డాలర్లకు పైమాటే కనుక, ఆనాడు 200 పెట్టి కొని యాభై ఏళ్లకు పైగా బీరువాలో భద్రంగా దాచిన మనిషి, మీ డీలరు అడుగుతున్న 1,900కు అమ్మితే, లాభం సంపాదించలేదు, పెట్టిన డబ్బును యథాతథంగా వెనక్కి తీసుకున్నాడు, అంతే. భద్రపరచిన శ్రమకు, బీమాకు పైసా మిగలలేదు.

ఇలా ఎందుకు జరిగిందో చెబుతాను. కోల్ట్ స్మారక తుపాకుల ఒరవడి 1961లో ఇల్లినాయ్‌లోని జెనెసియో పట్టణం 125వ వార్షికోత్సవానికి చేసిన డెరింజర్ అనే చిన్న జేబు పిస్టల్‌తో మొదలైంది. అవి 104 మాత్రమే. అవి హాయిగా అమ్ముడయ్యేసరికి ఆ తరువాతి పదేళ్లలో ఎన్నో రాష్ట్రాలకూ, ఎన్నో వార్షికోత్సవాలకూ ఒక్కో తుపాకి వచ్చింది. కోల్ట్ ఒక్కటే కాదు, వించెస్టర్ 1966లో తన శతాబ్ది రైఫిల్‌ను లక్షకు పైగా తయారుచేసింది. అరుదైనదని చెప్పి అమ్మిన వస్తువు లక్ష ఇళ్లలో ఉంటే అది అరుదైనది ఎలా అవుతుంది? పైగా కొన్న ప్రతివారూ భవిష్యత్తులో ధర పలుకుతుందని ముట్టుకోకుండా దాచారు. మామూలు వస్తువుల్లో అధికభాగం అరిగి, విరిగి, పోయి, మిగిలినవాటికి విలువ వస్తుంది. ఇక్కడ అన్నీ మిగిలాయి. ఆ తరం సేకర్తలు ఇప్పుడు ఒక్కొక్కరే కాలం చేస్తుంటే వారి పెట్టెలన్నీ ఒకేసారి సంతకు వస్తున్నాయి.

దీనికి సరిగ్గా ఎదురుగా ఒక ఉదాహరణ చెప్పాలి. మన ఇళ్లల్లో అమ్మమ్మలు కుట్టిన సింగర్ మిషన్ల కంపెనీయే రెండో ప్రపంచయుద్ధ ఆరంభంలో 1911ఎ1 (1911కు మెరుగుపరచిన రూపం) పిస్టళ్లు 500 చేసి ఇచ్చింది, ఆ తరువాత వేరే పనికి మళ్లింది. అవి సైనికుల చేతుల్లో నలిగి, చెదిరి, చాలా పోయాయి. మిగిలినవాటికి వేలంలో లక్ష డాలర్లు దాటిన సందర్భాలున్నాయి. ఆ 500 పిస్టళ్లను అరుదు చేయాలని ఎవరూ అనుకోలేదు, చరిత్ర చేసింది. మీ 7,400 పిస్టళ్లను అరుదుగా ఉంచాలని ముందే అనుకుని చేశారు. సంతలో ఈ రెంటినీ వేరువేరుగానే చూస్తారు.

ఇంత చెప్పి, కొనవద్దని మాత్రం అనను. మా ఇంట్లో ఆ నాలుగూ ఉన్నాయి. 1918 సెప్టెంబరు 26 నుంచి నవంబరు 11 దాకా సాగిన మ్యూజ్-ఆర్గాన్ పోరులో అమెరికా సైనికులు 26 వేల మందికి పైగా చనిపోయారు. అక్టోబరు 8న అమెరికా సైనికుడు ఆల్విన్ యార్క్ బాయొనెట్లతో మీదికి వస్తున్న ఆరుగురు జర్మన్ సైనికులను నిలువరించింది ఈ నమూనా పిస్టల్‌తోనే. ఏటా నవంబరు 11న నేను ఆ పెట్టె తెరిచి, చేతితొడుగులు వేసుకుని, నూనె గుడ్డతో తుడిచి మళ్లీ పెడతాను. ఆ తృప్తికి వెల ఉందని మీకు అనిపిస్తే కొనండి. మీ అమ్మాయికి కూడా డబ్బుగా కాక వస్తువుగా ఇవ్వండి.

ధర విషయానికి వస్తే, పెట్టె, కాగితాలు, పెట్టె లోపలి గుడ్డ అమరిక అన్నీ ఉండి, పిస్టల్ నిజంగా ముట్టనిదైతే 1,900 మరీ అన్యాయం కాదు. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ ధర ఇవ్వకండి. కోల్ట్ ఆర్కైవ్ విభాగం రుసుము తీసుకుని సీరియల్ నంబరును బట్టి ఆ పిస్టల్ ఏ తేదీన, ఏ రూపంలో, ఎవరికి పంపబడిందో తెలిపే లేఖ ఇస్తుంది. డీలరు వద్ద అది ఉందేమో అడగండి. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. కార్ఖానాలో స్మారకంగా తయారైనవి వేరు, బయటి సంస్థలు మామూలు పిస్టళ్లు కొని వాటి మీద బంగారు పూత పూయించి అమ్మినవి వేరు. రెండో రకం చూపుకు మరింత ధగధగలాడుతుంది కానీ, తిరిగి అమ్మేటప్పుడు కొన్న ధరలో సగం తేవడానికి కూడా చాలాసార్లు కష్టమవుతుంది. మీరు చెబుతున్నది మొదటి రకమే, అంతవరకు నిశ్చింతగా ఉండండి.

సమాధానం 2

పై సమాధానంతో నేను ఏకీభవిస్తాను. అయితే ఛాయాచిత్రాలు చూసి నిర్ణయం తీసుకోకండి. నేను పాత పిస్టళ్ల మరమ్మతు చేసేవాణ్ణి. "ఎప్పుడూ కాల్చలేదు, పెట్టెలోంచి తీయలేదు" అన్న మాటతో నా బల్ల మీదికి వచ్చినవాటిలో ఆ మాట నిలబడనివి చాలా చూశాను. డీలరు అబద్ధం చెబుతున్నారని కాదు. ఆయనకు కుటుంబం చెప్పింది, కుటుంబానికి పోయిన పెద్దాయన ఎప్పుడో చెప్పి ఉంటారు. పిస్టల్ మాత్రం తన మీద జరిగినదంతా తన ఒంటి మీద రాసుకునే ఉంటుంది.

ముందుగా అనుమతి అడిగి, మ్యాగజైన్ తీసి, స్లైడ్ వెనక్కి లాగి, తూటా కూర్చునే ఛాంబర్ ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి. యాభై ఏళ్లు పెట్టెలో ఉన్నదే అయినా ఈ పని మానవద్దు. ఆ తరువాత ఎడమవైపు, స్లైడ్ స్టాప్ అనే మీట కింద ఫ్రేమ్ మీద చూడండి. ఈ పిస్టల్‌ను విప్పి మళ్లీ బిగించేటప్పుడు ఆ మీటను అలవాటు లేనివారు బలంగా పైకి తోస్తే, దాని అంచు ఫ్రేమ్ మీద రాసుకుని విల్లులా వంగిన గీత పడుతుంది. 1911 కొనే ప్రతివారూ మొట్టమొదట చూసేది ఆ గీతనే. అది ఉంటే పిస్టల్ కనీసం ఒక్కసారైనా విప్పబడిందని అర్థం. స్మారక పిస్టల్ విషయంలో అది ఒక్కటే ధరలో మూడో వంతు దాకా కోసేయగలదని నా అనుభవం.

తరువాత బారెల్ చూడండి. కార్ఖానాలోనే పరీక్షగా కొన్ని తూటాలు కాల్చి పంపుతారు కాబట్టి ఛాంబర్ దగ్గర కొద్దిపాటి గుర్తు సహజం. కానీ బారెల్ పైభాగాన నీలిపూత అరిగి తెల్లని చార కనబడితే స్లైడ్‌ను చాలాసార్లు లాగారని గ్రహించాలి. తూటా వెనుకభాగం వచ్చి ఆనే చోట, అంటే స్లైడ్ లోపలి ముఖం మీద, ఇత్తడి రంగు మరక ఉందేమో చిన్న టార్చి వేసి చూడండి. బాగా ఉంటే ఆ పరీక్షకు మించి కాల్చారన్నమాటే. స్లైడ్ మీది చెక్కడంలో గీతల అంచులు పదునుగా ఉన్నాయో, మెరుగు పెట్టడంవల్ల మొద్దుబారాయో వేలిగోటికి తెలుస్తుంది. మామూలు రకంలో ఆ దృశ్యం రోలర్ అచ్చుతో నొక్కింది, చేతి చెక్కడం కాదు. కాబట్టి లోతు అంతటా సమానంగా ఉండాలి. ఒకచోట లోతుగా, ఇంకోచోట చెరిగినట్లు ఉంటే మళ్లీ నీలిపూత వేయించారని అనుమానించాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది పెట్టెలో ఆనే వైపు. అందమైన చెక్కపెట్టె, మెత్తటి గుడ్డ అమరిక పిస్టల్‌కు ఊయల వంటివని అందరూ అనుకుంటారు, నిజానికి తుప్పు మొదలయ్యేది అక్కడే. గుడ్డ, దాని కింది జిగురు, స్పంజి గాలిలోని తేమను పీల్చుకుని ఇనుముకు అంటగట్టి ఉంచుతాయి. పైకి అద్దంలా మెరుస్తున్న పిస్టల్‌ను తిరగేస్తే కింది ముఖం మీద గసగసాలు చల్లినట్లు చిన్నచిన్న గుంటలు కనబడిన సందర్భాలు నేను మరచిపోలేను. డీలర్లు ఛాయాచిత్రం తీసేది పైముఖానికే. అందుకే ప్రయాణం చేసి అయినా సరే, వెళ్లి చేతితో పట్టి తిప్పి చూడండి.

ఒక మర్యాద కూడా చెప్పాలి. చూస్తున్నప్పుడు ఖాళీ ఛాంబర్ మీదికి స్లైడ్‌ను ఠపీమని వదలకండి, చేతితో పట్టి మెల్లగా ముందుకు తీసుకురండి. తూటాను పేల్చే హ్యామర్‌ను పట్టి నిలిపే సన్నని అంచులు ఆ దెబ్బకు చెడతాయి. వస్తువు ఇంకా మీది కాదు.

సమాధానం 3

వస్తువు గురించి పెద్దలు చెప్పారు, నేను చట్టం గురించి మాత్రమే రాస్తాను, ఎందుకంటే మీరు పక్క రాష్ట్రంలో కొంటానంటున్నారు.

చేతి తుపాకిని మీ రాష్ట్రం కాని రాష్ట్రంలోని డీలరు నేరుగా మీ చేతికి ఇవ్వకూడదు. డబ్బు అక్కడ చెల్లించవచ్చు; పిస్టల్‌ను మాత్రం ఆయన మీ రాష్ట్రంలోని లైసెన్సు ఉన్న డీలరుకు పంపాలి, మీరు అక్కడ కొనుగోలుదారు వివరాల 4473 ఫారం నింపి, జాతీయ నేపథ్య పరిశీలన పూర్తయ్యాక తీసుకోవాలి. మధ్య డీలరు కొంత రుసుము తీసుకుంటారు. న్యూజెర్సీ వంటి రాష్ట్రాల్లో చేతి తుపాకి కొనడానికే ముందుగా అనుమతి పత్రం తీసుకోవాలి, అది చేతికి రావడానికి వారాలు పట్టవచ్చు. కాబట్టి మీ రాష్ట్ర నిబంధన తెలుసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.

ఈ పిస్టల్ యాభై ఏళ్లు దాటింది కనుక, మొదటి రూపంలోనే ఉన్నంతకాలం, సమాఖ్య చట్టం దృష్టిలో పురాతన సేకరణ వస్తువుల తరగతిలోకి వస్తుంది. మీరు ఇకముందు కూడా ఇలాంటివి కొనాలనుకుంటే సేకర్త లైసెన్సు తీసుకోవచ్చు. మూడేళ్లకు 30 డాలర్లు. అది ఉంటే ఈ తరగతి తుపాకులను వేరే రాష్ట్రం నుంచి కూడా మీ పేరిట నేరుగా తెప్పించుకునే వీలు సమాఖ్య చట్టంలో ఉంది, అయితే రాష్ట్ర చట్టం అందుకు ఒప్పుకోవాలి. వచ్చినదీ పోయినదీ ఒక పుస్తకంలో తేదీలతో రాసి ఉంచడం తప్పనిసరి. ఆ లైసెన్సుతో కొనడం అమ్మడం వ్యాపారంగా చేయకూడదు.

ఫారం నింపేటప్పుడు మనవాళ్లకు ఎదురయ్యే చిక్కు పేర్లది. డ్రైవింగ్ లైసెన్సులో ఇంటిపేరు ఒకచోట, పౌరసత్వ పత్రంలో ఇంకోచోట, ఒకదానిలో పొడి అక్షరం, మరొకదానిలో పూర్తి పేరు ఉంటే పరిశీలన నిలిచిపోతుంది. నాకు అలా రెండుసార్లు ఆలస్యమైంది. ప్రతిసారీ ఇదే జరిగితే ఎఫ్‌బీఐ వద్ద స్వచ్ఛందంగా వివరాలు దాఖలు చేసి ప్రత్యేక గుర్తింపు సంఖ్య తీసుకోవచ్చు. లైసెన్సులోని చిరునామా మీరు ఇప్పుడు నివసిస్తున్నదే అయి ఉండాలి.

ఇది చదివే ఇతరుల కోసం ఒక మాట. గ్రీన్‌కార్డు ఉన్నవారు సమాఖ్య చట్టం ప్రకారం కొనవచ్చు. హెచ్1బీ, ఎల్1, ఎఫ్1 వంటి వలసేతర వీసాల మీద ఉన్నవారు, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపుల్లో లేకపోతే, తుపాకి కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా నేరం. ఇంట్లో అలాంటి వీసా మీద బంధువులు ఉంటే బీరువా తాళం, దాని అంకెలు మీ దగ్గర మాత్రమే ఉంచుకోవడం క్షేమం. ఎన్నో ఏళ్ల కష్టం ఒక పొరపాటుతో పోకూడదు.

మీ సహోద్యోగి చెప్పిన సైనిక పిస్టళ్లను 2018 నుంచి సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్ అనే గురి కాల్పుల ప్రోత్సాహక సంస్థ అమ్ముతోంది. తొలి విడతల్లో దరఖాస్తుదారులకు లాటరీ పద్ధతిలో వరుస సంఖ్య ఇచ్చారు. మొదటి విడతలో స్థితిని బట్టి 850 నుంచి 1,050 డాలర్ల మధ్య ఇచ్చారు. అక్కడ పౌరసత్వం తప్పనిసరి, మీకు ఇప్పుడు ఆ అర్హత ఉంది. అనుబంధ క్లబ్బులో సభ్యత్వం కూడా కావాలి.

అడిగినవారు

ముగ్గురికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. ఈ శనివారం మూడు గంటలు ప్రయాణం చేసి వెళ్లి చూశాను. డీలరుగారు ఎంతో ఓపికగా, బల్ల మీద గుడ్డ పరచి, నా చేతికిచ్చి పక్కన నిలబడ్డారు.

స్లైడ్ స్టాప్ కింద గీత ఉంది. సన్ననిదే, వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తేనే కనబడింది, కానీ ఉంది. స్లైడ్ లోపలి ముఖం మీద ఇత్తడి మరక కూడా ఉంది. డీలరుగారికి చూపించగానే ఆయన ముఖం చిన్నబోయింది. తన భూతద్దం తెచ్చి తానే ఇంకోసారి చూసి, కుటుంబం చెప్పిన మాటనే తాను నమ్మానని చెప్పారు. గుడ్డకు ఆనే వైపు మాత్రం ఆశ్చర్యంగా శుభ్రంగా ఉంది. పోయిన పెద్దాయన దాన్ని అప్పుడప్పుడు తీసి కాల్చి, శుభ్రం చేసి, నూనె రాసి పెట్టేవారేమో. ఆయన తుడిచాడు కాబట్టే తుప్పు పట్టలేదన్నమాట.

ఆయన ఇప్పుడు 1,350కి ఇస్తానంటున్నారు. పెట్టె ఉంది, కాగితాలు లేవు. సేకర్త దృష్టిలో ఇది లోపం ఉన్న వస్తువని తెలుసు. అయినా నిజం చెప్పాలంటే, ఆ గీత చూశాక నాకు పిస్టల్ మీద ఇష్టం తగ్గలేదు. ఇప్పుడేం చేయమంటారు?

సమాధానం 4

ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నాను, ఇప్పుడు రాయకుండా ఉండలేకపోతున్నాను. మీరు మొదట అడిగిన ప్రశ్నల్లో రెండోది, కాల్చవచ్చా అన్నది, ఇంతవరకు ఎవరూ ముట్టుకోలేదు. ముట్టని స్మారక పిస్టల్‌ను కాల్చవద్దని అందరూ చెబుతారు, అది సరైన మాటే. ఒక్క మ్యాగజైన్ కాల్చినా ఏడు తూటాల కోసం వందల డాలర్ల విలువ కరిగిపోతుంది, అది మళ్లీ రాదు. కానీ మీ ముందున్న పిస్టల్ విషయంలో ఆ విలువను ఇంకొకరు ఎప్పుడో ఖర్చు చేసేశారు. మీరు పోగొట్టడానికి ఏమీ మిగల్లేదు. అలాంటప్పుడు దాన్ని అద్దాల బీరువాలో పెట్టి అయ్యో గీత పడిందే అని చూస్తూ కూర్చోవడం కన్నా, కాల్చడానికి కొనుక్కోవడంలో ఎంతో అర్థముంది.

పైగా ఏమిటో గమనించండి. మీ పిస్టల్ 1970లో కోల్ట్ తెచ్చిన సిరీస్ 70 రకం కన్నా ముందుది. బారెల్ మొనను పట్టి ఉంచే బుషింగ్ వేళ్లలా చీలినది కాకుండా గట్టి పాత బుషింగ్ ఉన్న రకం. 1983లో సిరీస్ 80తో వచ్చిన ఫైరింగ్ పిన్ సేఫ్టీ మీటలు కూడా ఇందులో ఉండవు, బ్రౌనింగ్ గీసిన ట్రిగ్గర్ ఏర్పాటుకు దగ్గరగా ఉంటుంది. స్మారకం అన్న ముద్ర లేకపోయినా, ఆ కాలపు మామూలు కోల్ట్ గవర్నమెంట్ మోడల్ మంచి స్థితిలో ఉంటే ఇప్పుడు దీనికి దగ్గరి ధరే పలుకుతుంది. 1,350 న్యాయమైన ధర, కాగితాలు లేవని చెప్పి ఇంకో యాభై, వంద తగ్గించమని అడగండి.

కొన్నాక కాల్చే ముందు చేయవలసినవి కొన్ని ఉన్నాయి. స్లైడ్‌ను తిరిగి ముందుకు తోసే యాభై ఏళ్ల నాటి రికాయిల్ స్ప్రింగ్ తీసి 16 పౌండ్ల కొత్తది వేయండి, ఖర్చు స్వల్పం. పాతదాన్ని చీటీ రాసి సంచిలో పెట్టి పెట్టెతోపాటే ఉంచండి. అసలు మ్యాగజైన్‌ను కూడా వాడవద్దు, తూటాను పట్టి ఉంచే దాని పైఅంచులు వంగితే మళ్లీ అలాంటిది దొరకదు; రెండు కొత్తవి కొనండి. పిడి చెక్కలు విప్పి దాచి మామూలు చెక్కలు బిగించుకోండి. ఆ కాలపు కోల్ట్‌లను గుండ్రటి మొన తూటాలు నడిచేలాగే తయారుచేశారు, బోలు మొన తూటాలు ఛాంబర్ అంచుకు తగిలి ఆగిపోయే అవకాశముంది. కాబట్టి 230 గ్రెయిన్ల పూర్తి కవచం తూటాలే వాడండి. ఎక్కువ ఒత్తిడి గుర్తు ఉన్న డబ్బాల జోలికి పోవద్దు. మొదటిసారి కాల్చేముందు పై సమాధానం రాసినవారి వంటి మరమ్మతు తెలిసిన మనిషికి చూపించి, హ్యామర్ నిలుస్తున్నదో లేదో, రెండు సేఫ్టీలూ పనిచేస్తున్నాయో లేదో పరీక్ష చేయించండి.

సమాధానం 1 రాసినవారు

ఇరవై రెండేళ్ల సేకర్తగా నాకు ఈ మాట ఒప్పుకోవడం కష్టంగానే ఉంది, అయినా ఒప్పుకుంటున్నాను. గీత పడినదాన్ని నేను నా వరుసలో పెట్టలేను. మీరు దాన్ని కాల్చుతానంటే నేను అడ్డు చెప్పను.

ఒకటే కోరుతున్నాను. మెరుగు పొడులతో, అమ్మోనియా ఉన్న రాగి తొలగించే ద్రావకాలతో దాన్ని తుడవకండి. మెడల్లియన్ల (అలంకార బిళ్లల) మీద, పూత ఉన్న చోట్ల అడుగునున్న రాగి పొరను ఆ ద్రావకం తినేస్తుంది, పైపూత పొలుసులుగా లేస్తుంది. కాల్చిన రోజే మామూలు నూనెతో శుభ్రం చేసి, పైన సన్నగా మైక్రోక్రిస్టలైన్ మైనం రాయండి. మ్యూజియంలలో లోహాలకు వాడేది అదే. పిస్టల్‌ను చెక్కపెట్టెలో నిద్రపుచ్చకండి. పెట్టెను ఖాళీగా అలమారలో ఉంచి, పిస్టల్‌ను సిలికాన్ రాసిన గుడ్డసంచిలో వేసి, తేమ 50 శాతం దాటని ఇనుప బీరువాలో పెట్టండి. ఇంటి బీమాలో తుపాకుల దొంగతనానికి చాలా పాలసీలు 2,500 డాలర్ల వరకే ఇస్తాయి. ఇంకొకటి కొనే ఉద్దేశముంటే విడిగా నమోదు చేయించండి.

అడిగినవారు

1,275కి కుదిరింది. మా రాష్ట్రంలోని డీలరుకు పిస్టల్ చేరింది. నా పేరులోని పొడి అక్షరం వల్ల, ముందే హెచ్చరించినట్లుగానే, పరిశీలన రెండు రోజులు ఆగి, నిన్న సాయంత్రం పూర్తయింది.

స్ప్రింగ్ మార్చాను, అసలు పిడి చెక్కలు విప్పి దాచాను. విప్పేటప్పుడు స్లైడ్ స్టాప్ కింద పలుచని ప్లాస్టిక్ ముక్క అడ్డం పెట్టుకున్నాను, రెండో గీత పడలేదు. ఎడమ పిడి చెక్క వెనుక, లోపలివైపు, పెన్సిల్‌తో రాసిన తేదీలు వరుసగా కనబడ్డాయి. ఒక్కొక్కటీ ఒక్కో ఏడాది నవంబరు 11. మొత్తం పద్నాలుగు. ఆ పెద్దాయన ఏటా ఆ ఒక్క రోజే దాన్ని కాల్చేవారని అనుకుంటున్నాను. డీలరుగారి ద్వారా ఆ కుటుంబానికి ఛాయాచిత్రం పంపించాను. చెక్కను తుడవకుండా అలాగే గుడ్డలో చుట్టి పెట్టెలో ఉంచాను.

మరమ్మతు తెలిసిన ఒకాయనతో వచ్చే మంగళవారానికి సమయం తీసుకున్నాను. ఆయన సరేనన్నాక మొదటి ఏడు తూటాలు నవంబరు 11న కాల్చుతాను.